పెట్టె మోసే చేతికి లెక్క కూడా రావాలి

పండక్కి ఊరెళ్తారు. అరుగు మీద కూర్చున్న పెదనాన్న "ఏం చేస్తున్నావురా ఇప్పుడు?" అని అడుగుతాడు. "హైదరాబాద్‌లో, కంపెనీలో" అని చెప్పి మాట మార్చేస్తారు. గోదాములో పని అని చెప్పడానికి నోరు రాదు. ఇంటరో డిగ్రీనో చదివారు. ఇప్పుడు మేడ్చల్ వైపో శంషాబాద్ వైపో ఒక పెద్ద షెడ్డులో స్కానర్ పట్టుకుని షిఫ్టంతా ర్యాకుల మధ్య నడుస్తున్నారు. రాత్రి గదికి వచ్చి పడుకున్నాక ఒక్కటే ఆలోచన: ఇది ఉద్యోగమేనా, ఇంకోటి దొరికేదాకా కాలం గడపడమా?

ఈ అధ్యాయం ఆ ఆలోచనతో నిద్రపట్టని వాళ్ల కోసం.

ముందు మీరు నిలబడిన చోటు గురించి కొంచెం చెప్తాను. పాతకాలపు గోదాములో ఇద్దరుండేవారు. బస్తా మోసే హమాలీ ఒకరు, పుస్తకంలో లెక్క రాసే గుమస్తా ఒకరు. హమాలీ ఎంతకాలం మోసినా హమాలీయే. షావుకారు నమ్మకమంతా గుమస్తా మీద ఉండేది. ఇప్పుడేం జరిగింది? 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అంతకుముందు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది కాబట్టి, కంపెనీలు రాష్ట్రానికో చిన్న డిపో పెట్టుకునేవి. జీఎస్టీతో ఆ అవసరం పోయింది, సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. చిన్న డిపోలు మూసి పెద్ద గోదాములు కట్టారు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, దాన్ని ఆనుకుని మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్, బాటసింగారం, ఇంకా దిగువన కొత్తూరు, షాద్‌నగర్. ఆన్‌లైన్ అమ్మకాలు వాటిని ఇంకా పెంచాయి. ఈ పెద్ద గోదాముల్లో గుమస్తా కూర్చునే బల్ల లేదు. ఆయన పుస్తకం కంప్యూటర్‌లోకి వెళ్లింది, దాంట్లో రాసే కలం స్కానర్‌గా మారి మీ చేతికొచ్చింది.

అంటే హమాలీ పని, గుమస్తా పని రెండూ ఇప్పుడు మీరే చేస్తున్నారు. జీతం మాత్రం మోతకే వస్తున్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే చాలామంది మోత మీదే మనసు పెట్టి స్కానర్‌ను టిక్కుమనిపించే డబ్బాలాగా చూస్తారు. ఇక్కడ పైకి వెళ్లేవాళ్లు ఎవరో గమనించండి. ఎక్కువ పెట్టెలు మోసినవాళ్ల కంటే, "సార్, ఆ సరుకు ఇక్కడుంది, ఇన్ని ఉన్నాయి, మిగతావి ఇందుకు లేవు" అని చెప్పగలిగినవాళ్లే. ఆ మాట చెప్పగలిగే స్థితికి ఎలా చేరాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. మొదటి జీతం చీటీని అక్షరం అక్షరం చదవండి

గేటు మీద పెద్ద కంపెనీ బోర్డు ఉంటుంది. మీకు జీతమిచ్చేది మాత్రం చాలాసార్లు మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్. అందులో తప్పేం లేదు. కానీ మీ యజమాని ఎవరో మీకు తెలిసుండాలి కదా? బ్యాంకు మెసేజ్‌లో ఎవరి పేరుంది, పీఎఫ్ పాస్‌బుక్‌లో ఎవరి పేరుంది, చూడండి.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీ బేసిక్, డీఏ కలిపి 12,000 రూపాయలు, మొత్తం జీతం 16,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం, అంటే 1,440 రూపాయలు మీ జీతంలోంచి పోతాయి. యజమాని కూడా 12 శాతం వేయాలి. అందులో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు వెళ్తుంది. నెల జీతం 21,000 దాకా ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ ఉంటుంది. మీ వాటా 0.75 శాతం, అంటే 120 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 520. ఆ 120 రూపాయలతో మీకే కాదు, మీ మీద ఆధారపడిన కుటుంబానికీ వైద్యం దొరుకుతుంది. కార్డు తీసుకోకుండా "కటింగ్‌లు ఎక్కువ" అని బాధపడేవాళ్లు ఎంతమందో!

చీటీలో కట్ అయినంత మాత్రాన ఖాతాలో పడినట్టు కాదు. ఉమంగ్ యాప్‌లో మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌తో లాగిన్ అయి, నెలనెలా పాస్‌బుక్ చూడండి. నామినీ పేరు కూడా నింపండి. పీఎఫ్‌తో పాటు ఉండే బీమా పథకం కింద, ఉద్యోగంలో ఉండగా మనిషికి ఏదైనా జరిగితే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా వస్తుంది. నామినీ లేకపోతే ఆ డబ్బు కోసం ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇది పది నిమిషాల పని, ఇవాళే చేసేయండి.

ఓవర్‌టైమ్ చేస్తే మామూలు రేటుకు రెట్టింపు రావాలి. మీ రాకపోకల సమయాలు మీ సొంత పుస్తకంలో రాసుకోండి. నెలాఖరున "నాకు పదహారు గంటలు రావాలన్నా" అని తేదీలతో అడిగినవాడికి ఒకలా, "ఏదో తక్కువ పడిందన్నా" అన్నవాడికి ఒకలా జవాబు వస్తుంది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే, గోదాము నడిపే ప్రధాన సంస్థే ఆ జీతం చెల్లించి తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలని చట్టం ఉంది. అందుకే మీ ఐడీ కార్డు, హాజరు, జీతం చీటీల ఫోటోలు ఫోన్‌లో భద్రంగా ఉండాలి.

ఇంకో మాట. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాళ్లకు రూపాయి ఇవ్వకండి.

2. ఇరవై మూడేళ్ల నడుమును నలభై అయిదేళ్ల దాకా కాపాడుకోండి

కుర్రతనంలో యాభై కిలోల బస్తా లేపి చూపించడం సరదాగానే ఉంటుంది. కానీ నడుము పట్టేసిన రోజున మీ బదులు ఎవరూ మంచం మీద పడుకోరు. పెట్టెకు దగ్గరగా నిలబడండి. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, బరువు పొట్టకు ఆనించి లేపండి. అన్నిటికంటే పెద్ద తప్పు, బరువు చేతిలో ఉండగా పాదాలు కదపకుండా నడుము తిప్పడం. పక్కకు పెట్టాలంటే రెండడుగులు వేసి ఒళ్లంతా తిరగండి. పెట్టె మీ ఒక్కరి వల్ల కాదనిపిస్తే "తమ్ముడూ, ఓ చెయ్యి వెయ్యి" అని పిలవండి, లేదా హ్యాండ్ ప్యాలెట్ తెచ్చుకోండి. ర్యాకు ఎక్కి సరుకు దించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, టార్గెట్ ఎంత మిగిలున్నా సరే.

ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు ఎలా మండుతుందో మీకు చెప్పక్కర్లేదు. దాహం వేసేదాకా ఆగకుండా గంటగంటకూ నీళ్లు తాగండి. రాత్రి షిఫ్ట్ దిగాక ఫోన్ పక్కన పెట్టి, కిటికీకి దుప్పటి కట్టి పడుకోండి.

3. సరుకు నడిచే దారి మొత్తం మీకు తెలియాలి

మీరు పికింగ్‌లో ఉన్నారు. ఆ సబ్బుల పెట్టె మీ ర్యాకులోకి ఎలా వచ్చింది? మీరు తీసుకెళ్లి ప్యాకింగ్ బల్ల మీద పెట్టాక ఏమవుతుంది? "అది నా సెక్షన్ కాదు" అంటే మీ కెరీర్ ఆ సెక్షన్‌లోనే ఆగిపోతుంది.

దారి చెప్తాను, మీ గోదాములో పేర్లు కొంచెం మారొచ్చు. లారీ డాక్‌కు వస్తుంది. కాగితాలు చూస్తారు, సరుకు దించుతారు, లెక్కపెడతారు, సిస్టమ్‌లో జీఆర్‌ఎన్ చేస్తారు, అంటే సరుకు అందినట్టు నమోదు చేస్తారు. తర్వాత పుటవే, అంటే ఏ బిన్‌లో పెట్టాలో అక్కడ పెట్టడం. ఆర్డర్ వస్తే పికింగ్, ప్యాకింగ్, డిస్పాచ్. తిరిగొచ్చినవి రిటర్న్స్‌లోకి. నెలకు ఒక్కో చోట కొన్ని రోజులు చేస్తానని మీ టీమ్ లీడర్‌ను (టీఎల్) అడగండి. ఎవరైనా సెలవు పెట్టిన రోజు మంచి అవకాశం. "సార్, ఇవాళ ఇన్‌వార్డ్‌లో మనిషి తక్కువున్నాడు కదా, నేను వెళ్లనా?" అని మీరే ముందుకు రండి.

ఈ దారి మొత్తంలో ఎక్కువ నేర్పేది డాక్. ఎందుకంటే బయటి తప్పు లోపలికి అడుగుపెట్టేది అక్కడే. ఒక సన్నివేశం ఊహించుకోండి. సాయంత్రం ఆరవుతోంది. ఇన్‌వాయిస్‌లో 200 పెట్టెలున్నాయి. డ్రైవర్ తొందరపెడుతున్నాడు: "అన్నా, ఇంకో లోడు ఉంది, సంతకం పెట్టెయ్ అన్నా." మీరు దించినవి 198, అందులో ఒకటి తడిసింది. ఏం చేస్తారు?

చాలామంది సంతకం పెట్టేసి తర్వాత ఫోన్ చేస్తారు. అప్పుడు ఎవరూ ఒప్పుకోరు, ఆ రెండు పెట్టెలు మీ గోదాము నష్టం. సరైన పద్ధతి ఇది. తలుపు తీయకముందే సీల్ నంబరు కాగితంలో ఉన్నదే అవునో కాదో చూసి ఫోటో తీయండి. లారీ నంబరును సరుకు వెంట వచ్చే జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లుతో సరిచూడండి. దించిన సరుకును ప్రతి ప్యాలెట్ మీదా ఒకే పద్ధతిలో పేర్చండి. వరసకు పది పెట్టెలు, అయిదు వరసలు అంటే 50. అలా పేరిస్తే లెక్క కంటికే తెలుస్తుంది, నాలుగు ప్యాలెట్లు నిండకపోతే తక్కువేనని అక్కడే తేలిపోతుంది. తర్వాత ట్రాన్స్‌పోర్ట్ కాగితం మీదే "198 అందినవి, 2 షార్ట్, అందిన వాటిలో 1 తడిసినది" అని రాసి, డ్రైవర్ సంతకం తీసుకున్నాకే మీరు సంతకం పెట్టండి. అతన్ని కసురుకోకండి, ఆ మనిషి రోజంతా బండి నడిపి వచ్చాడు. మంచినీళ్లిచ్చి, "రెండు నిమిషాలు అన్నా, నీకూ మంచిదే" అనండి.

ఈ-వే బిల్లు గురించి కూడా ఇప్పుడే తెలుసుకోండి, పికర్‌కు ఎందుకులే అనుకోకండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే సాధారణంగా అది ఉండాలి. ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు కాబట్టి రెండు రోజులు. లోడు సిద్ధమయ్యేదాకా ఆగకుండా ముందే బిల్లు తీసి, బండి ఆలస్యమై గడువు దాటితే దారిలో జరిమానా. డిస్పాచ్‌లో ఈ సంగతి గుర్తుపెట్టుకుని హెచ్చరించే కుర్రాడిని ఏ మేనేజరూ మర్చిపోడు.

4. తేడా వచ్చినప్పుడు పారిపోకండి, వెతకండి

ఈ పుస్తకంలో గోదాము పని గురించి ఒక్క పేజీయే చదువుతానంటే, ఇదే చదవమంటాను.

సిస్టమ్ 48 అంటోంది. బిన్‌లో చూస్తే 36 ఉన్నాయి. అందరూ ఏం చేస్తారు? "షార్టేజ్ సార్" అని చెప్పి చేతులు దులుపుకుంటారు. ఇంకొందరు స్క్రీన్ మీద ఉన్న 48నే కౌంట్‌గా వేసేస్తారు. రెండోది మరీ ప్రమాదం. ఆ అబద్ధం ఈరోజు ఎవరికీ కనపడదు, నెలాఖరు ఆడిట్‌లో బయటపడుతుంది, మీ ఐడీతో సహా.

మీరు మాత్రం ఒక్క నిమిషం ఆగి, తేడా ఎంతో చూడండి. 12. ఆ సరుకు పెట్టెకు ఎన్ని వస్తాయి? పన్నెండే అయితే దారి దొరికినట్టే. ఒక పూర్తి పెట్టె ఎక్కడో ఉంది. పక్క బిన్‌లో ఉండొచ్చు, పైఅరలో ఉండొచ్చు, లేదా పికింగ్‌లో ఒకరు స్కాన్ చేయకుండానే పెట్టెకు పెట్టె పంపేసి ఉండొచ్చు.

తేడా 9 వచ్చిందా, 18 వచ్చిందా, 27 వచ్చిందా? తొమ్మిదితో భాగించబడితే అంకెలు తారుమారు అయ్యాయేమోనని అనుమానించండి. 45 రాయాల్సిన చోట 54 రాస్తే తేడా 9. 63 బదులు 36 కొడితే 27. పక్కపక్క అంకెలు రెండు అటూ ఇటూ అయితే ఆ తేడా తప్పకుండా తొమ్మిదితో భాగించబడుతుంది. లెక్కల గుమస్తాలకు ఎప్పటినుంచో తెలిసిన కిటుకు ఇది, చేత్తో నంబరు కొట్టే ప్రతిచోటా పనికొస్తుంది.

తేడా ఒకటో రెండో అయితే? అది చేతి తప్పు కావచ్చు, డ్యామేజ్ కావచ్చు, దొంగతనం కావచ్చు. ముందే ఎవరి మీదా నింద వేయకండి. ఈ చోట్లు వరసగా చూడండి: బిన్‌కు ఎడమ, కుడి, పైన, కింద; ర్యాకు వెనక సందు; ప్యాకింగ్ బల్ల కింద; డ్యామేజ్ ఏరియా; ఇంకా సిస్టమ్‌లోకి ఎక్కని రిటర్న్స్ ట్రాలీ; ప్యాక్ అయి డాక్ దగ్గర ఉండి ఇంకా డిస్పాచ్ కొట్టని ఆర్డర్లు. బిన్ నంబరును చదవడం కూడా వచ్చుండాలి. ఏ-04-03-02 అంటే చాలా గోదాముల్లో ఏ లైన్, నాలుగో ర్యాకు, మూడో అర, రెండో గడి. 03-02 బదులు 02-03లో పెట్టేయడం రోజూ జరిగే పొరపాటు. అందుకే ముందు ఆ గడిలోకి తొంగిచూడండి.

ఎక్కువ వచ్చినా ఇంతే శ్రద్ధగా వెతకాలి. "ఎక్కువుంటే మంచిదే కదా" అనుకుంటే పొరపాటు. ఇక్కడ పన్నెండు ఎక్కువున్నాయంటే ఇంకెక్కడో పన్నెండు తక్కువున్నాయని అర్థం. ఎవరో కస్టమర్‌కు తప్పు సరుకు వెళ్లి ఉండొచ్చు.

దొరికిన ప్రతి తేడా గురించి ఒక పుస్తకంలో నాలుగు మాటలు రాసుకోండి. తేదీ, సరుకు, ఎంత తేడా, ఎక్కడ దొరికింది. కొన్నాళ్లకు ఆ పుస్తకం తిరగేస్తే మీ గోదాము తప్పులు ఏ లైన్‌లో, ఏ షిఫ్టులో, ఏ సరుకుతో జరుగుతున్నాయో మీకు తెలుస్తుంది. ఒకేలాంటి డబ్బాల్లో రెండు సైజుల నూనె పక్కపక్క బిన్‌లలో ఉంటే కలిసిపోతూనే ఉంటాయి. "సార్, ఈ రెండింటినీ వేరే లైన్లలో పెడదామా?" అని మీరు అడిగిన రోజున, మీరు పికర్ మాట్లాడినట్టు కాదు, ఇన్వెంటరీ మనిషి మాట్లాడినట్టు ఉంటుంది.

5. మీ లాగిన్ మీ సంతకం

"అన్నా, నా స్కానర్ పనిచేయట్లేదు, నీ ఐడీతో కొట్టుకుంటా." ఇవ్వకండి. తమ్ముడైనా, గదిలో పక్కన పడుకునే స్నేహితుడైనా ఇవ్వకండి. సిస్టమ్‌లో ప్రతి కదలికకూ ఒక పేరు, ఒక సమయం ఉంటాయి. రేపు ఒక ఫోన్ పోయిందంటే చివరిగా స్కాన్ చేసిన ఐడీ ఎవరిదో చూస్తారు. మంచితనం కోసం ఉద్యోగం పోగొట్టుకోవాల్సి వస్తే అది ఎవరికీ మేలు కాదు. టీ తాగడానికి వెళ్లినా లాగౌట్ చేసి వెళ్లండి. కాదనడం కష్టంగా ఉంటే, "టీఎల్‌కి చెప్పి నీకు వేరే స్కానర్ ఇప్పిస్తా, పద" అని వెంట వెళ్లండి.

6. ఎక్సెల్: మూడు పనులు చాలు

పెద్ద కోర్సు అక్కర్లేదు. జాబితాను ఫిల్టర్ చేయడం, వీలుకప్‌తో రెండు జాబితాలను పోల్చడం, పివట్ టేబుల్‌తో మొత్తాలు తీయడం. సిస్టమ్ స్టాకు ఒక షీటు, చేతి లెక్క ఇంకో షీటు పెట్టి తేడాలు బయటకు లాగగలిగితే మీరు ఇన్వెంటరీ ఎగ్జిక్యూటివ్ ఇంటర్వ్యూకు కూర్చోవచ్చు. కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో గూగుల్ షీట్స్‌తో మొదలుపెట్టండి. ఆదివారాలు గంటసేపు చాలు.

7. మీకు నప్పే దారి ఎంచుకోండి

ఏడాది గడిచాక మీకే తెలుస్తుంది, మీ మనసు యంత్రం మీదికి పోతోందా, లెక్క మీదికా, మనుషుల మీదికా అని.

యంత్రమైతే రీచ్ ట్రక్, ఫోర్క్‌లిఫ్ట్. డ్రైవింగ్ లైసెన్సు, శిక్షణ సర్టిఫికెట్ అడుగుతారు. ఎవరో ఖాళీ సమయంలో తాళం ఇచ్చారని నేర్చుకోవడం మొదలుపెట్టకండి. నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకోండి. ఫోర్కులు నేలకు జానెడు లోపు ఎత్తులోనే ఉంచి నడపాలి. సరుకు ముందు చూపును అడ్డుకుంటే రివర్స్‌లో వెళ్లాలి. ర్యాంప్ మీద బరువు ఎప్పుడూ పైవైపు ఉండాలి. కూర్చుని నడిపే ఫోర్క్‌లిఫ్ట్ ఒరిగితే దూకకూడదు. బెల్ట్ పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఒరుగుతున్న వైపుకు ఎదురుగా వాలాలి. దూకినవాళ్ల మీదే బండి పడుతుంది. మామూలు లెడ్ బ్యాటరీ అయితే ఛార్జింగ్ పూర్తయ్యాకే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆ దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు.

లెక్క అయితే నాలుగో సూత్రమే మీ దారి. దానికి మందులు, శీతల గోదాములు తోడైతే విలువ పెరుగుతుంది. ఇన్సులిన్, చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. బ్యాచ్ నంబరు తప్పు పడితే ఒక మందును మార్కెట్ నుంచి వెనక్కి పిలవాల్సి వచ్చినప్పుడు అది ఎక్కడికి వెళ్లిందో తెలియదు. మామూలు సరుకులో ముందు వచ్చింది ముందు పంపాలంటారు, ఫిఫో. మందుల్లో, తిండి సరుకుల్లో ముందు గడువు తీరేది ముందు వెళ్లాలి, ఫెఫో. రెండూ ఒకటే అనుకోకండి, నిన్న వచ్చిన లారీలోనే పాత బ్యాచ్ ఉండొచ్చు. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీల మీద లాట్ నంబరు సరిగ్గా రాసే మనిషి చేతిలో ఒక రైతు ఏడాది కష్టం ఉంటుంది. ఆ గౌరవం మీకు మీరు ఇచ్చుకోండి.

ప్రభుత్వ దారి కూడా ఉంది. 1957లో ఏర్పడిన సెంట్రల్ వేర్‌హౌసింగ్ కార్పొరేషన్, రాష్ట్ర గిడ్డంగుల సంస్థలు, ఫుడ్ కార్పొరేషన్ (ఎఫ్‌సీఐ). డిగ్రీ ఉన్నవాళ్లు వాటి నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి, గోదాములో పనిచేసిన అనుభవం పరీక్షలో కాకపోయినా ఉద్యోగంలో చేరాక ఎంతో ఉపయోగపడుతుంది.

8. పండగ సీజన్ తర్వాత వారం మీది

దసరా, దీపావళి అమ్మకాల ముందు గోదాములు వందల మందిని తాత్కాలికంగా తీసుకుంటాయి. అయిపోగానే చాలామందిని పంపేస్తాయి. ఎవరిని ఉంచుకుంటారు? సీజన్‌లో వేగంగా చేసినవాళ్లు చాలామందే ఉంటారు. సీజన్ తర్వాత వచ్చే రిటర్న్స్ గుట్టను చూసి పారిపోనివాళ్లు తక్కువ. నలిగిన పెట్టెలు, మారిపోయిన చొక్కాలు, ఛార్జర్ లేని ఫోన్లు. ఒక్కోటి విప్పి, ఇది మళ్లీ అమ్మొచ్చా, కంపెనీకి తిప్పి పంపాలా, డ్యామేజా అని తేల్చాలి. విసుగు పుట్టించే పనే, నిజమే. కానీ సరుకు నాణ్యత, లెక్క, మోసం, మూడూ ఒకేచోట నేర్పే సెక్షన్ గోదాములో ఇంకోటి లేదు. దాన్ని అడిగి తీసుకోండి.

9. టీమ్ లీడర్ అయ్యాక మొదటి నెల

నిన్నటిదాకా "ఏరా" అనుకున్నవాళ్లే ఇప్పుడు మీ టీమ్. ఇక్కడ రెండు రకాలుగా తప్పటడుగు పడుతుంది. ఒకరు కొత్త అధికారం చూపించాలని అరుస్తారు. ఇంకొకరు మొహమాటంతో అందరి పనీ తామే చేస్తూ రాత్రి పదకొండింటిదాకా ఉండిపోతారు. మీరు షిఫ్ట్ మొదట్లో అయిదు నిమిషాలు అందరినీ నిలబెట్టి మూడే విషయాలు చెప్పండి: ఇవాళ ఎంత పని ఉంది, ఎవరు ఎక్కడ, ఏది జాగ్రత్త. బరువు లైన్లు ఎప్పుడూ ఒకరికే పడకుండా మార్చండి. అది మీరు గమనిస్తున్నారని తెలిస్తే సగం గొడవలు పుట్టవు. మీ టీమ్‌లో ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. అంకెలు, దిక్కులు, జాగ్రత్త మాటలు హిందీలో నేర్చుకోండి. ఫోర్క్‌లిఫ్ట్ వస్తోందని వాళ్లకు అర్థమయ్యే భాషలో అరవగలగాలి కదా?

షిఫ్ట్ దిగేముందు మిగిలినవి కాగితం మీద రాసి తర్వాతి టీఎల్‌కు ఇవ్వండి. ఏ లారీ సగం దించారు, ఏ ఆర్డర్ ఆగింది, ఎందుకాగింది. నోటితో చెప్పింది గేటు దాటేలోపే మర్చిపోతారు.

10. ఉద్యోగం మారేటప్పుడు

నెలకు అయిదొందలు ఎక్కువని పక్క గోదాముకు దూకడం వల్ల ఏ పనీ పూర్తిగా రాదు. కొత్త పని నేర్పే చోటుకు మారండి. పికర్‌గా ఉన్నవాళ్లు ఇంకో చోట పికర్‌గానే ఎందుకు వెళ్లాలి? ఇన్వెంటరీకో ఇన్‌వార్డ్‌కో తీసుకుంటేనే వెళ్లండి. మారేటప్పుడు రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం అడిగి తీసుకోండి. పాత పీఎఫ్‌ను తీసి ఖర్చుపెట్టకుండా అదే యూఏఎన్‌కు బదిలీ చేసుకోండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, మధ్యలో తీసేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

గల్ఫ్‌కు వెళ్దామనుకుంటున్నారా? కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లి అక్కడి గోదాముల్లో పనిచేస్తున్నవాళ్లు మీ బంధువుల్లోనే ఉండొచ్చు. ఇక్కడ స్టోర్స్ లెక్క, ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని వెళ్తే హెల్పర్‌గా కాకుండా ఆ పనిలోనే చేరే వీలుంటుంది. ఏజెంట్ పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టర్ అయిన ఏజెంట్ తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్ష అడిగితే అక్కడే ఆగిపోండి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేముందు సాధారణంగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అది లేకుండా విజిట్ వీసా మీద రమ్మనే మనిషికి పాస్‌పోర్టు ఇవ్వొద్దు. తెలంగాణవాళ్లు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ముందు అడిగి చూడొచ్చు. ఒప్పందం కాగితం తెలిసినవాళ్ల చేత తెలుగులో చదివించుకోండి. పని పేరు, జీతం, డ్యూటీ గంటలు, గది, తిరుగు టికెట్ ఎవరు పెట్టుకుంటారన్నది, ఈ అయిదూ అందులో రాసి ఉన్నాకే సంతకం పెట్టండి.